గట్టు మైసమ్మ పేరు మార్పు

మా ఆఫీసు పూర్తి పేరు పంచభూతారాధనా సంప్రదాయ సంరక్షణ మండలి, జిల్లా కార్యాలయం. అంత పొడుగు పిలిచే ఓపిక లేక అందరూ భూతాల ఆఫీసు అంటారు. తెరిచిన మొదటి నెలలో వచ్చినవాళ్ళలో సగం మంది దయ్యం పట్టినవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చారు. ఇది ఆ భూతం కాదని చెప్పి పంపడానికి అటెండరు నర్సింలుకు పొద్దున పూటంతా సరిపోయేది. ఇద్దరు ముగ్గురికి మాత్రం మా బల్లల ముందు గంటన్నర నిలబడేసరికి దయ్యం దానంతటదే వదిలిపోయింది. ఆ సంగతిని మేము వార్షిక నివేదికలో రాసుకున్నాం.

మండలి పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. పై స్థాయి పెద్దమనిషి ఒకాయన ఏదో చలిదేశం పర్యటనకు వెళ్ళారు. అక్కడ కొందరు అడవిలో గుండ్రంగా నిలబడి, చేతుల్లో పూసల దండలు పట్టుకొని, మట్టికీ నీటికీ నిప్పుకూ గాలికీ దండం పెడుతుంటే చూశారు. ఇలాంటిది మన దగ్గర లేదా అని అడిగారు. ఎందుకు లేదు, ఎప్పటినుంచో ఉంది అన్నారు వెంట వెళ్ళినవాళ్ళు. ఉంటే దానికి ఆఫీసు ఎందుకు లేదు అన్నారాయన. ఆ ప్రశ్నకు జవాబుగా మమ్మల్ని పుట్టించారు.

ఆఫీసు అన్నాక నిబంధనలు ఉండాలి. మా నిబంధన ఏడు ఏం చెబుతుందంటే, పంచభూతాలను కొలిచే ఏ చోటైనా సరే ముందస్తు అనుమతి లేకుండా ఏ వస్తువునూ పెట్టకూడదు, తీయకూడదు, మార్చకూడదు. మార్చదలిస్తే అర్జీ ఇవ్వాలి, అర్జీతో పాటు సదరు వస్తువు అసలును ఆఫీసులో దాఖలు చేయాలి.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. పేరు శేషాచారి. పుట్టి పెరిగింది పట్నంలో. ఇరవై ఆరేళ్ళుగా నోట్‌ఫైళ్ళు రాస్తున్నాను. మనిషి చెప్పినదాన్ని మళ్ళీ ఆ మనిషికే అర్థం కాకుండా, ఆఫీసుకు మాత్రం అర్థమయ్యేలా రాయడం నా పని. ఆ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని చెప్పుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు.

వైశాఖ మాసం ఎండల్లో ఒకరోజు ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, వేళ్ళ కొనలు మసిబట్టి నల్లగా ఉన్నాయి. చంకలో చిన్న గుడ్డ మూట.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"మైసమ్మ పేరు మార్చాలె సారూ. జాజిరాళ్ళపల్లి గట్టు మీది మైసమ్మ. మీ కాయితం లేకుంట మార్వొద్దని మా సర్పంచి చెప్పిండు."

"ఎందుకు మార్చాలి?"

"ఏడాదైంది గద. ఏడాదికోపారి మారుస్తం."

"ప్రతి ఏడాదీనా?"

"మార్వకుంటెట్ల సారూ? పాతది పాడైపోతది."

"ఇప్పుడు ఏ పేరు ఉంది?"

"మా అత్త పేరు. మొన్న శివరాత్రికి కాలం జేసింది. ఇగ ఈయేడు నా పేరే." ఆ మాట అనేటప్పుడు ఆవిడ కాస్త సిగ్గుపడింది, గర్వపడింది కూడా. "మా పూసలోళ్ళ ఇంటి పేరు తప్ప ఇంకొగలది అమ్మ ముట్టది."

నేను కలం కింద పెట్టి ఆవిడను చూశాను. దేవుడి పేరు మనిషికి పెట్టుకోవడం చూశాను గానీ, మనిషి పేరు దేవతకు పెట్టమనడం అదే మొదటిసారి. అది కూడా ఇంత మామూలుగా, కూరగాయలు అడిగినట్టు అడగడం. అయినా అర్జీదారు ఏం కోరితే అది రాయాలి. పూసల కనకవ్వ అను నేను, గట్టు మైసమ్మ అమ్మవారికి నా పేరు పెట్టుటకు అనుమతి కోరడమైనది అని రాశాను. ఆవిడ 'పేరు కట్టాలె' అంది. పల్లెటూరి మాట కదా అని దాన్ని 'పెట్టుట' అని సవరించాను. ఆ ఒక్క సవరణే కొంప ముంచింది.

"వస్తువు ఏదైనా ఉంటే దాఖలు చేయాలి," అన్నాను.

"తెచ్చిన సారూ," అని మూట విప్పి బల్ల మీద పెట్టింది. పూసల దండ. ఎర్రటి నూలుతాడు మీద నాలుగు రకాల పూసలు గుత్తులుగా గుచ్చి ఉన్నాయి. ఒక్కో పూసా ఒక్కో తీరుగా ఉంది, ఒక్కటీ నున్నగా లేదు, అయినా చూస్తే మళ్ళీ చూడబుద్ధేసేలా ఉంది. ఆవిడ ఒక్కోదాని మీద వేలు పెట్టి చెప్పింది.

"ఇది పుట్టమన్ను పూస, పచ్చిదే, నీడకు ఆరబెట్టింది. ఇది నేల. ఇది వాగుల దొరికిన గుల్ల, ఇది నీళ్ళు. ఇది బట్టీల కాలిన పూస, నిప్పు. ఈ రెల్లు గొట్టం గాలి, గట్టు మీద ఇది ఈలేస్తది."

"పంచభూతాలు అయిదు కదమ్మా."

"మొగులు గూడున్నది సారూ. ఇగో, ఈడ." తాడు మీద రెండు ముడులు చూపించింది. వాటి మధ్య బొటనవేలంత మేర ఏమీ లేదు, ఉత్త తాడు. "ఈడ ఏం గుచ్చలే గద. గదే మొగులు."

నేను అర్జీ కింద రాశాను: పూసల దండ ఒకటి జతపరచడమైనది. భూతములు నాలుగు అందినవి. ఐదవది, అనగా ఆకాశము, అందలేదు.

"ఎప్పటికిస్తరు? ఏరువాక పున్నమకు కట్టాలె. పేరు కట్టందే మా ఊళ్ళె ఎవ్వలు నాగలి పట్టరు."

చూద్దాం అన్నాను. మా ఆఫీసులో అంతకంటే గట్టి హామీ లేదు.

మా జిల్లా సంరక్షణాధికారి విరూపాక్ష ప్రసాద్ గారు అర్జీని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఫైలు లావెక్కుతుందని అర్థం.

"శేషాచారి గారూ, ఇది సామాన్యమైన అర్జీ కాదు. ఒక ఆరాధ్య దేవతామూర్తి నామధేయ పరివర్తనకు సంబంధించిన విధానపరమైన అంశం. పైగా అర్జీదారు స్వీయనామమును ప్రతిపాదించుచున్నది. గత సంవత్సరము ఆమె అత్తగారి పేరు పెట్టినప్పుడు అనుమతి ఎవరిచ్చారు?"

"అప్పటికి మన ఆఫీసు లేదు సార్."

"లేకపోతే వచ్చేదాకా ఆగవలసింది. అత్తగారికి సంజాయిషీ నోటీసు పంపండి."

"ఆవిడ చనిపోయింది సార్."

"అయితే ఇంటి గోడకు అంటించండి. అదే విధంగా సంబంధిత దేవతకు కూడా నోటీసు ఇవ్వాలి. తన పేరు మారుతుంటే ఆ దేవతకు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం."

రెండు నోటీసులూ నేనే రాశాను. రెండోదాని మీద చిరునామా: గట్టు మైసమ్మ, నివాసం గట్టు, జాజిరాళ్ళపల్లి గ్రామం. నర్సింలు బస్సెక్కి వెళ్ళి రాయి పక్కన అంటించి, దండం పెట్టుకొని వచ్చాడు. పదిహేను రోజుల గడువులోగా సదరు దేవత నుంచి ఎలాంటి అభ్యంతరమూ అందలేదని ఫైల్లో నమోదు చేశాం. దేవత వైపునుంచి మా పని ఎప్పుడూ సులువే.

మనుషులతోనే వచ్చింది చిక్కు. పేపర్లో ప్రకటన వేశాక అభ్యంతరాలూ సూచనలూ సంచీలో వచ్చిపడ్డాయి. ఒక రిటైర్డు సంస్కృత పండితుడు మైసమ్మ అన్నది మోటుగా ఉందనీ, పదకొండు అక్షరాల సమాసం ఒకటి తన దగ్గర సిద్ధంగా ఉందనీ రాశారు. గట్టు కింద ప్లాట్లు వేసిన పెద్దమనిషి తన తల్లి పేరు పెడితే రోడ్డు వేయిస్తానన్నారు. ఒక సంఖ్యాశాస్త్రజ్ఞుడు పేరు మార్చనక్కర్లేదు, ఇంకో 'మ' కలిపితే వానలు సకాలంలో పడతాయని లెక్క కట్టి పంపారు. ఫైలు మూడు సంపుటాలయ్యింది. దాన్ని రాష్ట్ర కార్యాలయానికి పంపి, దండను కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి బీరువాలో భద్రం చేశాను. కవరుకూ బీరువాకూ బాధ్యుణ్ణి నేనే.

కనకవ్వ వారానికోసారి వచ్చేది.

"పేరు ఎట్లున్నది సారూ?"

"పరిశీలనలో ఉందమ్మా."

"జర పైలం. ఎలుకలు కొట్టకుండ జూడున్రి."

ఎలుకలు పేరును ఎలా కొరుకుతాయో నాకు అంతుబట్టలేదు. మా ఆఫీసువాళ్ళ మీద ఎత్తిపొడుపు అనుకొని ముఖం ముడుచుకున్నాను.

ఏరువాక పున్నమి ఇంకా తొమ్మిది రోజులుందనగా గట్టు దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాం. మృగశిర కార్తె వాన, ఊళ్ళో మిరుగం వాన అంటారు, అప్పటికే ఒకటి పడింది. నేల మెత్తగా, దున్నడానికి సిద్ధంగా ఉంది. ఊరంతా షామియానా కిందికి వచ్చి కూర్చున్నారు. మా సారు మైకు అందుకున్నారు.

"అమ్మవారి పాత పేరు పట్ల గ్రామ ప్రజల మనోభావం ఏమిటి?"

సర్పంచ్ కొమురయ్య లేచాడు. "పాత పేరు పనికిరాదు సారూ. ఎండకెండి, వానకు నాని చీకిపోయింది. మొన్న గాలిదుమారానికి సగం తెగింది."

సారు మైకు పక్కకు జరిపి నాతో రాయించారు: పాత పేరు కాలక్రమమున ప్రాభవము కోల్పోయినదని సర్పంచ్ అభిప్రాయము.

"కొత్త పేరు దీర్ఘంగా ఉండాలా, హ్రస్వంగా ఉండాలా?"

"మరీ పొడుగొద్దు సారూ. కిందికి ఏలాడితే మేకలు నములుతయి."

సారు రాయమని నాకు సైగ చేశారు. మేకల సంగతి ఎలా రాయాలో తోచక, దీర్ఘనామము వ్యవహారమునకు అనుకూలము కాదు అని రాశాను. మారుద్దామన్నవాళ్ళు చేతులెత్తమంటే ఊరు ఊరంతా ఎత్తింది. ఇంత ఏకాభిప్రాయం తన సర్వీసులో చూడలేదని సారు మైకులోనే ఒప్పుకున్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలాయన అన్నాడు. "పోయినేడు కనకవ్వ అత్త పేరు గట్టినం. పాపం, ముసల్దానికి కండ్లు కానరాక గుల్లను తిరగేసి గుచ్చింది. అయినా వాన మంచిగనే వడ్డది."

నా కలం ఆగిపోయింది. తల తిప్పి రాయి వైపు చూశాను. పసుపు పూసిన రాయి మెడలో సగం తెగిన పాత దండ ఒకటి వేలాడుతోంది. రంగుపోయిన తాడు మీద మట్టిపూస, గుల్ల, కాలిన పూస, రెల్లు గొట్టం.

పక్కనే కూర్చున్న కనకవ్వను మెల్లగా అడిగాను. "పేరంటే ఏమిటమ్మా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మెడలేసుకునేది సారూ. పూసలు గుచ్చితే పేరు. మీ ఇండ్లల్ల ముత్యాల పేరు అనరా?"

అనేవారు. మా నాయనమ్మ పెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టిన ముత్యాల పేరు ఒకటి ఉండేది. చిన్నప్పుడు నేను మెడలో వేసుకొని తిరిగాను కూడా. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఫారం మీదా మొదటి గడిలో 'పేరు' అని చూసి చూసి, ఆ మాటకు ఇంకో బతుకు ఉందని మర్చిపోయాను. నాకు నిజంగా సిగ్గేసింది. చనిపోయిన మనిషి ఇంటి గోడకు నోటీసు అంటించిందీ, దేవతకు గడువు పెట్టిందీ నేను దిద్దిన ఒక్క మాట వల్ల.

సారును జీపు పక్కకు తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తెలివితక్కువవారు కాదు. వెంటనే అర్థమయ్యింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మీరు చెప్పింది వాస్తవమే కావచ్చు. కానీ ఫైలు రాష్ట్ర కార్యాలయంలో 'పేరు' అంటే నామధేయం అనే అర్థంలో పెండింగులో ఉంది. మాటకు అర్థం మార్చే అధికారం జిల్లా స్థాయిలో లేదు శేషాచారి గారూ."

"పోనీ, ఆ దండ అయినా ఇచ్చేద్దాం సార్. పున్నమి తొమ్మిది రోజులే ఉంది."

"ఎలా ఇస్తాం? పొద్దున్నే పైనుంచి మెమో వచ్చింది. ఐదవ భూతాన్ని ఎందుకు జతపరచలేదో వివరణ అడిగారు. ఆకాశం అందేదాకా దండను విడుదల చేయరాదని స్పష్టంగా ఉంది. ఆకాశం అందలేదని రాసింది కూడా మీరే."

వెళ్ళేముందు సారు రాయి పక్కన ఒక బోర్డు పాతించారు. 'పేరు పరిశీలనలో ఉన్నది. అంతవరకు పాత పేరే కొనసాగును. ఉల్లంఘించినవారు శిక్షార్హులు.' ఊరివాళ్ళు చదివి తలలూపారు. వాళ్ళ తెలుగులో అది తప్పు లేకుండా ఉంది.

కనకవ్వకు మాత్రం నేను నిజం చెప్పాను. నేనే తప్పు రాశానని చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను.

"రాసినోనివి నువ్వే గద. కొట్టేయ్."

"ఆఫీసులో రాసింది కొట్టేయడానికి వీల్లేదమ్మా."

"నేను తప్పు గుచ్చితే విప్పి మళ్ళ గుచ్చుత. మీ దాంట్ల విప్పుడు లేదా?"

లేదు. కట్టడమే గానీ విప్పడం మాకు నేర్పలేదు.

"ఇంకోటి గుచ్చరాదా?" అన్నాను.

"పుట్టమన్ను పూస నీడకు నలభై దినాలు ఆరాలె సారూ. తొందరబడితే చేతిలనే పిండయితది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా అత్త ముప్ఫైయేండ్లు కట్టింది, ఒక్కయేడు తప్పలే. నా చేతికొచ్చిన మొదటేడే తప్పుతుంది. ఊరోళ్ళు నన్నేమంటరో నాకు ఫికరు లేదు. నేల పదునెక్కి కూసున్నది, ఎన్నాళ్ళుంటది?"

ఆ తొమ్మిది రోజులూ నేను ఆఫీసు కిటికీలోంచి మబ్బులు చూశాను. ఇంకో వాన పడింది. బస్సులో వచ్చేవాళ్ళు చెప్పేవారు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ విత్తనాలు వేసుకున్నాయి, జాజిరాళ్ళపల్లిలో మాత్రం ఎడ్లు కొట్టంలో నెమరు వేస్తున్నాయని. సారుకు రెండుసార్లు నోట్ పెట్టాను. రెండుసార్లూ 'ఆకాశము నిమిత్తము వేచియుండవలెను' అని రాసి తిప్పి పంపారు.

పున్నమినాడు పొద్దున్నే, నర్సింలు ఊడ్చి వెళ్ళాక, బీరువా తెరిచాను. తాళంచెవి నాదే, లక్క నాదే, ముద్ర కూడా నాదే. కవరు విప్పి దండ తీసి చేతిరుమాల్లో చుట్టాను. కవరు ఖాళీగా ఉంటే తనిఖీలో నా ఉద్యోగానికి ముప్పు. కొంచెంసేపు ఆలోచించాను. ఫైళ్ళు కుట్టే దారం జానెడు తెంపి, దానికి రెండు ముడులు వేశాను. వాటి మధ్య బొటనవేలంత జాగా వదిలాను. ఆ దారాన్ని కవర్లో పెట్టి మళ్ళీ ముద్ర వేశాను. అప్పుడు ఎనిమిదింటి బస్సెక్కాను.

గట్టు మీద జనం ఉన్నారు. రుమాలు కనకవ్వ చేతిలో పెట్టాను. ఆవిడ విప్పి ప్రతి పూసా తడిమి చూసుకుంది.

"కాయితం వచ్చిందా సారూ?"

"రాలేదు."

ఆవిడ లేచి రాయి దగ్గరికి నడిచింది. చేతిసంచీని మా బోర్డుకు తగిలించి, పాత పేరు విప్పి, కొత్తది కట్టింది. గాలి వీచింది, రెల్లు గొట్టం సన్నగా ఈల వేసింది. కొమురయ్య ఎడ్ల దగ్గరికి నడిచాడు. అతని వెనకే అందరూ నడిచారు. పదునింకా పోలేదు. మధ్యాహ్నం బస్సులో నేను తిరిగొస్తుంటే కిటికీ అవతల చాళ్ళు తీరుగా పడుతున్నాయి. ఆ రోజు నాకు ఒక పూట సెలవు రాసుకున్నాను.

మూడు నెలలకు రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. దేవత పేరు మార్పు అర్జీ తిరస్కరించడమైనది, దాఖలైన వస్తువులను తనిఖీ చేసి నివేదిక పంపవలెను అని. ఉత్తర్వు వెనకే తనిఖీ అధికారి కూడా దిగారు. చేలో జొన్న కంకి పట్టిందని అంతకుముందు వారమే కనకవ్వ వచ్చి చెప్పిపోయింది.

బీరువా తెరిచారు. ముద్ర సరిగా ఉందని రాసుకున్నారు. కవరు చించారు. బల్ల మీద జానెడు దారం పడింది.

విరూపాక్ష ప్రసాద్ గారు ఆ దారాన్ని చూశారు, నన్ను చూశారు. కళ్ళజోడు మాత్రం తీయలేదు.

"ఇదేమిటి?" అన్నారు తనిఖీ అధికారి.

"ఆకాశం సార్," అన్నాను. "పైనుంచి అడిగారు కదా. ఏరువాక పున్నమినాడు అందింది."

ఆయన దారాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "ముడుల మధ్య ఏమీ లేదే."

"ఉండకూడదండీ," అన్నారు మా సారు, గొంతు సవరించుకొని. "ఆకాశము నిర్వచనరీత్యా శూన్యము. ఏమైనా ఉన్నట్లయితే నాసిరకంగా పరిగణించవలసి వచ్చేది."

"మరి మిగతా నాలుగు భూతాలు?"

"అవి అందినట్టు మూడో పేజీలో స్పష్టంగా ఉంది."

తనిఖీ అధికారి మూడో పేజీ తిప్పి చూశారు. అందినవి నాలుగు, ఇప్పుడు అందింది ఒకటి, మొత్తం అయిదు. ఆయన తృప్తిగా తలూపి, రిజిస్టరు నా ముందుకు జరిపి, ఎక్కించమన్నారు.

పేరు: ఆకాశము. సంఖ్య: ఒకటి. స్థితి: బాగున్నది.

ముగ్గురం సంతకాలు పెట్టాం. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో పేరు అన్న గడిని నేను సరిగ్గా నింపింది అదొక్కసారే.